తొమ్మిదో పేరా

ముందే చెప్పేస్తున్నాను, నేను మరిచిపోయే రకం కాదు. నన్ను ఎవరు, ఏ గదిలో, ఎంతమంది ముందు ఏమన్నారో నాకు గుర్తుంటుంది. నా పదవీ విరమణ సభలో మాట్లాడిన ఒకాయన నన్ను ‘కాస్త పట్టుదల గల మనిషి’ అన్నాడు. ఆ ‘కాస్త’ దగ్గర వెనక వరసలో ఇద్దరు నవ్వారు. వాళ్ళెవరో నాకు తెలుసు. అయినా ఇక్కడ ఎవరి పేరూ రాయను. ఈ సంగతిలో అందరికంటే పెద్ద తప్పు చేసినవాణ్ణి నేనే కాబట్టి, పేర్లు మొదలుపెడితే నాతోనే మొదలుపెట్టాలి.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చదువుతారంటే రాస్తున్నాను. ఇందులో మీకు పనికొచ్చేది ఒక్క ముక్కే ఉంది. అది ఎక్కడుందో మీరే చూసుకోండి.

అరవైల చివర్లో మాట. విజయనగరంలో మా రెవెన్యూ కచేరీలో నేను స్టెనోని. ఆఫీసరు గారు నోటితో చెప్పింది షార్ట్‌హాండ్‌లో రాసుకుని, టైపు మిషను మీద కొట్టి, సంతకానికి పెట్టడం నా పని. నేను కొట్టిన కాయితంలో దిద్దుబాటు ఉండదని చుట్టుపక్కల కచేరీల్లో పేరు. ఆ పేరు నేనే చెప్పుకుంటున్నానని మీరు అనుకోవచ్చు. నిజాన్ని ఎవరు చెబితేనేం.

మా హెడ్ గుమస్తా గారు బొబ్బిలి వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి. ఆఫీసర్లు వచ్చేవారు, రెండేళ్ళుండి వెళ్ళిపోయేవారు. కచేరీని నడిపింది ఆయనే. ఆయన నోటు రాస్తే కింద సంతకం పడినట్టే. ఆయనకీ నాకూ పడేది కాదు. నేను సెలవులో ఉన్న వారంలో, కిటికీ పక్కనున్న నా బల్లని లోపలి గోడ దగ్గరికి జరిపించారు. నా తర్వాత చేరినవాడికి నాకంటే ముందు ఫ్యాను కింద చోటిచ్చారు. ఇవి చిన్న విషయాలని మీరంటారు. అనండి. వెలుగు లేని మూల కూచుని ఎనిమిది గంటలు టైపు కొట్టినవాణ్ణి నేను, మీరు కాదు.

వీటన్నిటికంటే పెద్దది గడియారం గొడవ. దాని వెనక ఒక సంగతి ఉంది.

మా పాపకి అప్పుడు నాలుగేళ్ళు. రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ ఎడమ కాలు చచ్చుబడిపోయింది. ఆస్పత్రిలో ఒక నర్సమ్మ వారానికి మూడు రోజులు, ఉదయం తొమ్మిదింటికి, ఆ కాలికి కాపడం పెట్టి, చాచి, మడిచి వ్యాయామం చేయించేది. నొప్పికి పాప బల్ల అదిరేలా ఏడ్చేది. వాళ్ళమ్మ దగ్గరుంటే ఆవిడ కళ్ళనీళ్ళు చూసి ఇంకా ఏడ్చేది. నేను తల దగ్గర నిలబడి ‘ఒకటి’ అంటే, తను పళ్ళు బిగించి ‘రెండు’ అనేది. అలా ఇద్దరం కలిసి నూరు దాకా లెక్కపెట్టేవాళ్ళం. కాబట్టి ఆ మూడు రోజులూ నేనే భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్ళి, తిరిగి ఇంట్లో దింపి, కచేరీకి పరిగెత్తేవాణ్ణి. ఎంత పరిగెత్తినా ఆలస్యమయ్యేది.

హెడ్ గుమస్తా గారు మెమో ఇచ్చారు, ఆలస్యానికి సంజాయిషీ రాయమని. మీరైతే పాప సంగతి రాస్తారు. నేను కచేరీ గోడ గడియారం ముందుకి నడుస్తోందని రాశాను. రైల్వే స్టేషనుకి వెళ్ళి, అక్కడి గడియారంతో నా చేతి గడియారం సరిచూసుకుని వచ్చి, ఏ రోజు ఎంత తేడా ఉందో నాలుగు పేజీలు కొట్టి ఇచ్చాను. రెండో మెమోకి ఏడు పేజీలు కొట్టాను. పాప మాట ఒక్క ముక్క లేదు. రాస్తే ఆయన ‘అయ్యో పాపం’ అంటారు. నా బల్ల జరిపించిన మనిషి చేత అయ్యో పాపం అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. కచేరీలో ఏ ఒక్కరికీ చెప్పలేదు.

“ఏటి, మళ్ళీ ఆ గడియారం మీదేనా రాస్తన్నారు?” అనేది నా భార్య, రాత్రి భోజనం వడ్డిస్తూ. “ఆ గోడ గడియారం బాగుపడితే పిల్ల కాలు బాగుపడతాదేటి?”

“నీకు తెలీదు, ఊరుకో.”

“నాకు తెలీదు లెండి. మీకు తెలిసిందేటో అదైనా సెప్పండి.”

మూడో మెమో రాలేదు. బదిలీ ఆర్డరు వచ్చింది. శృంగవరపుకోట దాటి, ఘాటీ రోడ్డెక్కి, కొండల మీద కొత్తగా పెట్టిన ఒక చిన్న ఆఫీసుకి. పది రోజుల్లో చేరాలి. ఆస్పత్రిలో పాప కాలికి కొలత తీసుకున్నారు. ఇనుప పట్టీలతో బూటు తయారుచేయిస్తున్నారు. “ఇప్పుడు వ్యాయామం మానేస్తే కాలు మడత పడిపోతుంది. తర్వాత ఏ బూటూ పట్టదు” అంది నర్సమ్మ. కొండ మీద వ్యాయామం చేయించేవాళ్ళు లేరు. పాపనీ తల్లినీ ఇక్కడ వదిలి వెళ్దామంటే, నేను లేకపోతే పాప కాలు ముట్టుకోనివ్వదు.

సరిగ్గా ఆ పది రోజుల్లోనే ఆయన వచ్చారు.

ఆయన ఢిల్లీలో పెద్ద పదవిలో ఉన్న తెలుగువాడు. అప్పటికే డెబ్భై దగ్గర పడుతున్న మనిషి. రెండు రోజుల పర్యటన. మొదటి రోజు విజయనగరంలో, రెండో రోజు ఉదయం రామతీర్థం వెళ్ళొచ్చి, ఆ తర్వాత బొబ్బిలి. ఆయన గురించి మా కచేరీకి ముందే కబుర్లు వచ్చాయి. తెల్లవారుజామున ఒక గంట తలుపు వేసుకుంటారట, ఆ గంటలో గవర్నరు వచ్చినా తలుపు తీయరట. జనం ఇచ్చిన అర్జీ ప్రతిదీ స్వయంగా చదివి, ఆ రోజే జవాబు చెప్పి రాయిస్తారట. దానికి స్థానికంగా ఒక మంచి స్టెనో కావాలి. హెడ్ గుమస్తా గారికి నా మీద ఎంత కోపమున్నా, పంపడానికి నేను తప్ప ఎవరున్నారు.

ఆయన దిగిన ట్రావెలర్స్ బంగళాకి నాతోపాటు మా కచేరీ బంట్రోతు వచ్చాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. టైపు మిషను నెత్తిన పెట్టుకుని నడుస్తూ, “బాబూ, మీ అర్జీలు మోసీ మోసీ నా భుజం వొంగిపోనాది. ఇయ్యాల మిషనే మోస్తన్నాను, ఇదే తేలిగ్గున్నాది” అన్నాడు.

నేను నవ్వలేదు. నా చేతి సంచిలో ఇంకో అర్జీ ఉంది. పదకొండు పేజీలు. నా మీద జరిగిన అన్యాయాలన్నీ పేరా తర్వాత పేరా రాసి, ఈ బదిలీ రద్దు చేయించమని ఆ పెద్దాయన్ని కోరుతూ రాసినది. గుమ్మం దగ్గర జనం ఇచ్చిన అర్జీల కట్ట నా చేతికి వచ్చినప్పుడు, దాన్ని మధ్యలోకి తోశాను.

మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టాం. ఆయన పేము కుర్చీలో, నేను ఎదురుగా చిన్న బల్ల దగ్గర. కూచోగానే నా పేరు, ఏ ఊరు, ఎన్నేళ్ళ సర్వీసు అని అడిగారు. పదకొండేళ్ళని చెప్పాను. సుమారు నలభై అర్జీలు. ఒక్కోటి చదివేవారు, కళ్ళజోడు తీసేవారు, జవాబు చెప్పేవారు. కొన్నిటికి చేస్తానని, ఎక్కువవాటికి నా చేతిలో లేదని. లేదన్న చోట ఎందుకు లేదో రెండు వాక్యాలు తప్పకుండా చెప్పేవారు.

నా అర్జీ వచ్చింది. మిగతావాటిని రెండు నిమిషాల్లో చదివిన మనిషి దీన్ని చాలాసేపు చదివారు. మొదటి పేజీకి మళ్ళీ వెళ్ళారు. తర్వాత కిటికీ వైపు చూస్తూ జవాబు చెప్పడం మొదలుపెట్టారు. నా పేరు, నా హోదా, నా చిరునామా. ‘మీ అర్జీ చదివాను. మీరు చెప్పిన అన్యాయాల్లో కొన్ని నిజమేనని తోస్తోంది. అయినా ఈ బదిలీ విషయంలో నేను జోక్యం చేసుకోను. మీ పై అధికారులకి మీ కష్టం నేరుగా చెప్పుకోండి.’

షార్ట్‌హాండ్ రాసేవాడికి చెవికీ చేతికీ మధ్య ఇంకేమీ ఉండకూడదని మా గురువు చెప్పేవాడు. నా పెన్సిలు ఆగలేదు. ఆయన తర్వాతి అర్జీ తీశారు.

ఐదు దాటాక వరండాలో టైపుకి కూచున్నాను. ముప్పై తొమ్మిది ఉత్తరాలు ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టాను. నా ఉత్తరం దగ్గరికి వచ్చాక నోటుబుక్కు మూసేశాను. కొత్త కాయితం ఎక్కించి, కలెక్టరు గారికి అని మొదలుపెట్టి, ‘ఈ స్టెనో బదిలీని రద్దు చేస్తే సంతోషిస్తాను’ అని ఆరు లైన్లు కొట్టాను. అంతటి పెద్దాయన సంతోషిస్తాననడం కలెక్టర్లకి ఆర్డరు కంటే ఎక్కువ. నా పదకొండేళ్ళలో ఎందరో పెద్దవాళ్ళ చేత సంతకాలు పెట్టించాను. ఫోనులో మాట్లాడుతూ పెడతారు, కాఫీ తాగుతూ పెడతారు. నలభై కాయితాల్లో ఒకటి ఎవరు చూస్తారు. కట్ట మధ్యలో పెట్టి బంట్రోతు చేత లోపలికి పంపాను.

దీపాలు పెట్టే వేళకి బంట్రోతు కట్ట తెచ్చాడు. ఒక కాయితం మాత్రం విడిగా పట్టుకున్నాడు.

“బాబూ, ఇదొక్కటీ తిప్పీసినారు. టైపు పొరపాటంట. మళ్ళీ కొట్టమన్నారు.” వరండాలో ఇద్దరు తాలూకా గుమస్తాలు, డ్రైవరు ఉన్నారు. వాళ్ళకి వినబడేలాగే అన్నాడు. “మీకూ పొరపాట్లు వస్తాయేటి?”

కాయితం మీద సంతకం లేదు. అంచున పెన్సిలుతో ‘టైపు పొరపాటు, మళ్ళీ కొట్టగలరు’ అని ఉంది. అంతే. నన్ను పిలవలేదు. అడగలేదు. నా మీద ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నేను బతికిపోయాను. మామూలు మనిషి అయితే ఇంటికెళ్ళి దేవుడికి దండం పెట్టుకునేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఉత్తరం ఎవరికి రాయాలో మారిపోయి, విషయమే తిరగబడిపోతే, అది టైపు పొరపాటా? డ్రైవరు నవ్వాడు. తాలూకా గుమస్తాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేపటికల్లా ఈ మాట అన్ని కచేరీలకీ పాకిపోతుంది. ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. ఉద్యోగం పోతుందేమోనని కాదు, ఆ రెండు మాటల గురించి.

మర్నాడు తెల్లారేసరికి జీపుల్లో రామతీర్థం బయలుదేరాం. ఊరికి ఇంకా మైలు దూరం ఉందనగా ఆయన జీపు ఆపించి దిగిపోయారు. వెనక జీపులోని అధికారులు కంగారుగా పరిగెత్తుకొచ్చారు.

“మీరు ఇక్కడే ఉండండి. జీపు ప్రభుత్వం ఇచ్చింది, మీరూ ప్రభుత్వం ఇచ్చినవాళ్ళే. గుడికి వెళ్తున్నది నేను. ఎనిమిదింటికి వచ్చేస్తాను” అని చెప్పి, చెప్పులు జీపులో వదిలి నడక మొదలుపెట్టారు.

నేను వెనకే నడిచాను. కొంచెం దూరం వెళ్ళాక చూశారు.

“మీకూ చెప్పాను కదండీ.”

“గుడికి కాదండి. ఒక మాట చెప్పుకోవాలండి.”

“చెప్పండి.”

“అది టైపు పొరపాటు కాదండి. నేను కావాలనే కొట్టాను. నా సర్వీసులో టైపు పొరపాటు లేదండి.”

ఆయన ఆగిపోయారు. రోడ్డు పక్క చేలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు ఈయనెవరా అని తలెత్తి చూశారు. 

“ఈ మాట మీ పై అధికారికి తెలిస్తే మీ ఉద్యోగం పోతుంది.”

“తెలుసండి.”

“మరి ఎందుకు చెప్పారు?”

“పొరపాటన్నారు కదండి.”

ఆయన మొహంలో నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. “అయితే పొరపాటు నాది. మిమ్మల్ని తక్కువ చేశాను” అని నడిచారు. “సంతకం లేని కాయితం ఉత్తరం కాదు. దాని గురించి ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. చదవకుండా సంతకం పెట్టి ఉంటే తప్పు ఇద్దరిదీ అయ్యేది. పదవిలో నేను కచ్చితంగా చెయ్యగలిగిన పని అదొక్కటే, నా పేరు ఏ మాట కింద ఉందో చూసుకోవడం.”

గుడి దగ్గర మేళం సిద్ధంగా ఉంది. పూజారులు స్వామివారి వస్త్రం ఆయన తలకి చుట్టడానికి తెచ్చారు. ఆయన దణ్ణం పెట్టి, వద్దన్నారు. “ఇక్కడ ఏళ్ళ తరబడి సేవ చేసినవాళ్ళకి కట్టండి. నేను ఈ పూట వచ్చినవాణ్ణి.” అప్పటికే తాడు కట్టి పక్కకి నెట్టిన జనం వెనక, అరటిపళ్ళు పట్టుకున్న ఒక ముసలి రైతు తర్వాత నిలబడ్డారు. ఆ రైతు వెనక్కి చూసి, “ఏ ఊరు బాబూ మీది?” అని అడిగాడు. ఆయన చెప్పారు. “సాలా దూరం నుంచొచ్చినారు. ముందుకెళ్ళండి” అన్నాడు. “మీరు ముందొచ్చారు” అన్నారాయన. ఆయన ఎవరో ఆ రైతుకి చివరిదాకా తెలీదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయనే అడిగారు. “లోపల ఏం కోరుకున్నారు?”

“బదిలీ ఆగిపోవాలనండి. మరి మీరేం కోరుకున్నారండి?” అడగకూడదు. కానీ పొద్దున్నుంచీ అడగకూడనివే మాట్లాడుతున్నాను.

“నేను ఆయనకి అర్జీలు పెట్టను. రోజంతా అర్జీలు పుచ్చుకునేవాడికి ఆ పని ఎంత బరువో తెలుసు.”

“మరి తెల్లారగట్ల ఆ గంటసేపు ఏం చేస్తారండి?”

“నిన్న నా వల్ల ఎవరు నొచ్చుకున్నారో తలుచుకుంటాను. వాళ్ళకి చెయ్యగలిగింది ఏమైనా ఉందా అని చూసుకుంటాను. కొన్ని రోజులు గంట చాలదు.” నాలుగు అడుగులు వేశాక అన్నారు, “ఇవాళ మీరు ఉన్నారు.”

నడుస్తూనే చెప్పారు.

“ఆ జవాబు మీ చేత రాయించకుండా ఉండాల్సింది. ఇంకొకరి చేత రాయించవచ్చు, లేదా మీకు విడిగా చెప్పవచ్చు. కట్ట తొందరగా అయిపోవాలని అలా చేశాను. అది కర్తవ్యం కాదు, బద్ధకం. క్షమించండి.”

అప్పటిదాకా నా జీవితంలో నన్ను చిన్నబుచ్చినవాళ్ళ జాబితా చాలా పొడుగుంది. అందులో ఒక్కరూ వచ్చి ఆ మాట అనలేదు. ఏం చెయ్యాలో తెలియక అన్నాను, “అయితే ఆ సిఫార్సు రాసెయ్యండి.”

“రాయను.” ఈసారి నిజంగా నవ్వారు. “నిన్న వచ్చినవాటిలో బదిలీ అర్జీలు ఆరు. మిగతా ఐదుగురూ నా ఎదురుగా కూచుని పెన్సిలు పట్టుకోలేదు. నా సంచి మోసినవాడికే న్యాయం దొరుకుతుందనుకుంటే రేపు నా దగ్గరికి అర్జీలు రావు, సంచి మోసేవాళ్ళు వస్తారు.”

“నా కష్టం కష్టం కాదా అండీ?”

“మీ కష్టం ఏమిటి?”

నేను మొదలుపెట్టాను. బల్ల, ఫ్యాను, మెమోలు. ఆయన చెయ్యెత్తారు.

“అవి చదివాను. బల్ల మొదటి పేరాలో ఉంది. గడియారం రెండు, మూడు, నాలుగు పేరాల్లో ఉంది. మీ పాప తొమ్మిదో పేరాలో ఉంది. రెండు లైన్లు. నేను మళ్ళీ మొదటికి వెళ్ళి చూశాను, ముందెక్కడైనా ఉందా అని.”

దూరంగా జీపులు కనిపిస్తున్నాయి.

“మీ హెడ్ గుమస్తాకి పాప సంగతి తెలుసా?”

“తెలీదండి.”

“చెప్పండి.”

“చెప్పనండి. ఆయన దయ నాకక్కర్లేదు.”

“పాపకి?”

ఆ ఒక్క మాటకి జవాబు నలభై ఏళ్ళుగా వెతుకుతున్నాను, ఇప్పటికీ దొరకలేదు. ఆయన జీపు దగ్గర నిలబడి కాళ్ళు దులుపుకుని చెప్పులు వేసుకున్నారు. బంగళాకి వచ్చాక ఆయన చెప్పిన ఉత్తరం, జోక్యం చేసుకోను అన్నది, చెప్పింది చెప్పినట్టు కొట్టి ఇచ్చాను. మొత్తం చదివి సంతకం పెట్టి, నా చేతికే ఇచ్చారు. “ఒక్క తప్పు లేదు” అన్నారు. ఆ తర్వాత బొబ్బిలి వెళ్ళిపోయారు. మళ్ళీ నేను ఆయన్ని చూడలేదు.

మూడో రోజు కొత్త కాయితం మీద నాలుగు లైన్లు కొట్టాను. పాప కాలు, ఆస్పత్రి వేళ, బూటు, నేను దగ్గరుండాల్సిన అవసరం. బల్ల లేదు, గడియారం లేదు. కొడుతుంటే ఈ నాలుగు లైన్లూ పదకొండు పేజీల కంటే కష్టంగా ఉన్నాయి. తీసుకెళ్ళి హెడ్ గుమస్తా గారి ముందు నిలబడ్డాను.

ఆయన నన్ను చూడగానే కళ్ళజోడు పైకి తోశారు. “ఎన్ని పేజీలయ్యా ఈసారి?”

“నాలుగు లైన్లండి.”

అనుమానంగా తీసుకున్నారు. చదివారు. కాయితం తిప్పి వెనక ఏమైనా ఉందేమోనని చూశారు. మళ్ళీ చదివారు. గదిలో నలుగురు గుమస్తాలు రాయడం ఆపేశారు.

“ఏటయ్యా ఇది,” అన్నారు చివరికి. గొంతు పెద్దదే గానీ కోపం లేదు. “ఏడాది బట్టీ గోడ గడియారం మీద రాస్తన్నావు గానీ, పిల్ల కాలు బాగోదని ఒక్క ముక్క సెప్పినావా?”

“లేదండి.”

“ఏ? మేం మనుషులం కామా?”

నేను నేలవైపు చూస్తున్నాను.

“నువ్వు పొగరుతో ఆలస్యంగా వస్తన్నావనుకున్నాను. కొండ మీదకి తోలీస్తే పొగరు దిగుతాదని నేనే రాసినాను ఆ నోటు. నీ పిల్లని తోలీసినానని నాకేటి తెలుస్తాది?” కలం తీశారు, మూత పెట్టారు, మళ్ళీ తీశారు. “బూటు ఎప్పటికి వస్తాదంట?”

“రెండు నెలలన్నారండి. అలవాటయ్యేదాకా ఏడాది కావాలట.”

“ఏడాది. రాస్తాను. ఆ తర్వాత మాత్రం ఎక్కాలి, అక్కడ మనిషి లేడు, ఆ ఆఫీసోడు ఏడుస్తన్నాడు. ఒప్పుకుంటావా?”

“ఒప్పుకుంటానండి.”

“ఆస్పత్రి రోజుల్లో సావకాశంగా రా. సాయంత్రం కూసుని పూర్తి చెయ్యి. ఆఫీసరు గారికి నేను సెప్పుకుంటాను.” నేను వెనక్కి తిరిగాక అన్నారు, “పిల్ల ఏటి తింటాది? మా సెరుకు బెల్లం ఉన్నాది, పంపిస్తాను.”

ఆయన అయ్యో పాపం అనలేదు. అంటారని ఏడాదిపాటు భయపడ్డాను.

ఇంటికి వెళ్ళేసరికి నా భార్య గుమ్మంలో ఉంది.

“ఏటన్నారు?”

“సరేనన్నారు.”

“అంతేనా?”

“అంతే.”

“ఇన్నాళ్ళూ అంతేనా మరి?” అంది. లోపలికి వెళ్ళి ఏడ్చింది. నేను పాపకి కాలు చాచడం, మడవడం చేయించాను. ఆ రోజు ఆస్పత్రి లేదు, అయినా నూరు దాకా లెక్కపెట్టాం.

ఆ పెద్దాయన తర్వాత కొన్నేళ్ళకి పదవి వదిలేశారు. పోయినప్పుడు పేపర్లలో ఆయన కర్తవ్యం గురించి, భక్తి గురించి, ప్రజాజీవితం గురించి చాలా రాశారు. నేను ఏ సభలోనూ మాట్లాడలేదు, నన్ను ఎవరూ పిలవలేదు, అది కూడా నాకు గుర్తుంది. ఆయన రెండు లైన్ల సిఫార్సు రాసి ఉంటే నేను ఒక్క పూటలో బయటపడేవాణ్ణి. రాయలేదన్న కోపం నాకు ఇప్పటికీ పోలేదు. రాసి ఉంటే నేను ఆ హెడ్ గుమస్తాని ఈనాటికీ తిట్టుకుంటూ ఉండేవాణ్ణి, పాప సంగతి ఆయనకి ఎప్పటికీ తెలిసేది కాదు. ఈ రెండూ నిజమే. రెండిట్లో ఏది పెద్దదో తేల్చుకోవడం నా వల్ల కాలేదు.

ఏడాది అయ్యాక, మాట ప్రకారం, సామాను కట్టి ఘాటీ బస్సు దగ్గరికి వెళ్ళాం. వాన వెలిసిన ఉదయం. బస్సు మెట్టు పాప నడుము దాకా ఉంది. నేను ఎత్తుకోబోతే చెయ్యి తోసేసింది. కండక్టరు పైనుంచి, “ఎత్తీయండి బాబూ, వేళయిపోనాది” అన్నాడు. పాప రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది. మంచి కాలు మెట్టు మీద పెట్టి, ఇనుప బూటు కాలుని మెల్లగా పైకి లాక్కుంది. ఒకసారి జారింది. మళ్ళీ పట్టుకుంది. బస్సులో వాళ్ళందరూ చూస్తున్నారు. కండక్టరు ఇంకేమీ అనకుండా పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. తను ఎక్కి, సీటు దాకా నడిచి, కూచున్నాక, నేను ఎక్కాను.